సైజు ఒకటే, సెక్టార్ వేరు: డిస్క్ మార్చాక మౌంట్ కాని రెయిడ్-1 కేసు

సర్వర్‌లో రెండు 4 టీబీ సాటా డిస్కులు. రెండూ 512 బైట్ల సెక్టార్లున్న పాత రకం; సెక్టార్ అంటే డిస్క్ ఒకసారికి చదివి రాసే కనిష్ఠ ముక్క. లినక్స్ ఎండీ డ్రైవర్‌తో వాటిని రెయిడ్-1గా (రెంటిలోనూ ఒకే డేటా ఉండే జతగా) కట్టి, పైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వేశారు. ఒక డిస్క్‌లో చదవలేని సెక్టార్లు పెరుగుతుంటే, ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి ఆ డిస్క్‌ను మార్చారు. కొత్తదీ 4 టీబీయే, ఇంటర్‌ఫేస్ కూడా సాటాయే. సింక్ ఎర్రర్ లేకుండా పూర్తయింది. రీబూట్ చేస్తే అరే (ఆ డిస్కుల జత) రెండు డిస్కులతో సవ్యంగా లేచింది, ఫైల్ సిస్టమ్ మాత్రం మౌంట్ కాలేదు. కెర్నల్ లాగ్‌లో ఉన్నదల్లా ఒక్క ముక్క: ఈ డివైజ్ 4096 బైట్ల సెక్టార్లనే ఇస్తుంది, 512 కాదు.

డేటా ఒక్క బైటు కూడా పాడవలేదు. మిగిలిన పాత డిస్క్‌లోనూ కొత్త డిస్క్‌లోనూ ఉన్నది అక్షరాలా ఒకే కంటెంట్. అయినా ఫైల్ సిస్టమ్ తెరుచుకోదు. ఎందుకంటే అరే అనే బ్లాక్ డివైజ్ (డిస్క్‌లా సెక్టార్ల లెక్కలో చదివి రాసే పరికరం) నిన్న ఒక స్వభావంతో ఉంది, ఇవాళ మరో స్వభావంతో లేచింది. పేరు మారలేదు, సైజు మారలేదు, యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) కూడా మారలేదు. కెర్నల్ ఒక బ్లాక్ డివైజ్‌ను పై పొరలకు ఎలా చూపించాలి అన్న ప్రశ్నకు ఈ కేసు మంచి నమూనా.

ముందే కనిపించిన సూచనలు

పని జరుగుతుండగానే రెండు సూచనలు వచ్చాయి. రెంటినీ చిన్న చిక్కులుగా తీసుకుని దాటేశారు.

మొదటిది పార్టిషన్ టేబుల్. బాగున్న డిస్క్ జీపీటీని (అంటే ఆ టేబుల్‌ను) ఎస్ఎఫ్‌డిస్క్‌తో డంప్ చేసి కొత్త డిస్క్‌కు ఎక్కించబోతే ఎక్కలేదు. జీపీటీలో అంకెలన్నీ సెక్టార్ల లెక్కలోనే ఉంటాయి, బైట్లలో కాదు. పాత డిస్క్‌లో మొత్తం సెక్టార్లు 7814037168. అంతే సామర్థ్యం 4096 బైట్ల సెక్టార్లలో 976754646 అవుతుంది. పార్టిషన్ ముగింపు 781 కోట్ల చిల్లరో సెక్టార్ దగ్గర అని పాత టేబుల్ చెబుతుంటే, కొత్త డిస్క్ 97 కోట్ల చిల్లరకే అయిపోతుంది. ఆరంభం కూడా తప్పే: 2048వ సెక్టార్ పాత లెక్కలో 1 ఎంబీ, కొత్త లెక్కలో 8 ఎంబీ. చివరికి చేత్తో 256వ సెక్టార్ నుంచి పార్టిషన్ పెట్టారు. అది సరైన పనే. కాకపోతే టేబుల్ ఎందుకు ఎక్కలేదని అక్కడే ఆగి అడిగి ఉంటే మిగతా కథ ఉండేది కాదు.

ఇక్కడ ఇంకో గండం తృటిలో తప్పింది. జీపీటీ ఎంట్రీల పట్టిక 128 ఎంట్రీలకు 128 బైట్ల చొప్పున 16384 బైట్లు. 512 లెక్కలో అది 32 సెక్టార్లు, 4096 లెక్కలో 4. అందువల్ల 512 డిస్క్‌లో వాడుకోదగిన చివరి సెక్టార్ 7814037134, కొత్త దానిలో 976754640. రెండు చోట్లా 1 ఎంబీ దగ్గర మొదలై చివరిదాకా పోయే పార్టిషన్ పెడితే, 512 కొలతలో మొదటిది 7814035087 సెక్టార్లు, రెండోది 7814035080. ఏడు సెక్టార్లు తక్కువ! మొదట కట్టినప్పుడు డిస్క్ చివర 100 ఎంబీ వదిలేశారు కాబట్టి సరిపోయింది. రెయిడ్ పార్టిషన్ చివర కొంత ఖాళీ వదలడం చాదస్తం కాదు.

రెండో సూచన సిస్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నల్ తన వివరాలను ఫైళ్లుగా చూపే చోటు) సైజ్ ఫైలు, లేదా దాని మౌనం. రెండు డిస్కులకూ అది 7814037168 అనే చూపించింది. లినక్స్ కెర్నల్ లోపల సెక్టార్ అంటే ఎప్పుడూ 512 బైట్లే, డిస్క్ అసలు సెక్టార్ ఎంతైనా సరే. ఆ ఫైలు చూసినవారికి రెండు డిస్కులూ కవలల్లా కనిపిస్తాయి. లోపలి లెక్కకు ఒకే కొలమానం పెట్టుకోవడం మంచి నిర్ణయమే. డ్రైవర్లన్నీ ఒకే భాష మాట్లాడతాయి, మార్పిడి డిస్క్‌కు దగ్గరగా ఒక్కచోటే జరుగుతుంది. కానీ ఆ లోపలి కొలమానం బయటి ఇంటర్‌ఫేస్‌లోకి యథాతథంగా వచ్చేయడం, అదీ డిస్క్ సెక్టార్‌కు వాడే పేరుతోనే రావడం, ఎంతోమందిని తప్పుదారి పట్టించింది. బ్లాక్ డివైజ్ సైజును బైట్లలో చెప్పడమే న్యాయం.

నిర్ధారణ

చూడాల్సినవి రెండు చోట్ల ఉన్నాయి. ఎల్‌ఎస్‌బీఎల్‌కేకి హైఫన్-టీ ఆప్షన్ ఇస్తే ప్రతి డివైజ్ టోపాలజీ వరుసగా కనిపిస్తుంది (లాజికల్ అంటే డివైజ్ బయటికి చూపే సెక్టార్, ఫిజికల్ అంటే లోపల నిజంగా వాడేది):

పాత డిస్క్: లాజికల్ 512, ఫిజికల్ 512.
కొత్త డిస్క్: లాజికల్ 4096, ఫిజికల్ 4096.
అరే: లాజికల్ 4096, ఫిజికల్ 4096.

తర్వాత ఫైల్ సిస్టమ్ తన గురించి ఏం రాసుకుందో చూడాలి. మౌంట్ కాలేదు కాబట్టి, ఎక్స్‌ఎఫ్‌ఎస్_డీబీని రీడ్-ఓన్లీగా తెరిచి సూపర్‌బ్లాక్ 0లో సెక్టార్ సైజ్ అడిగితే 512 అని వచ్చింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఈ అంకెను సృష్టించే రోజే ఖాయం చేస్తుంది, తర్వాత మార్చే ఉపాయం లేదు. దాని అలొకేషన్ గ్రూప్ హెడర్లు నాలుగు వరుస సెక్టార్లలో కూర్చుంటాయి. సెక్టార్ 512 అయితే రెండో హెడర్ 512వ బైటు దగ్గర మొదలవుతుంది. 4096 కంటే చిన్న ముక్క ఇవ్వలేని డివైజ్‌ను ఆ హెడర్ ఒక్కదాన్నే చదివి రాయమని అడగలేం. అందుకే మౌంట్ దగ్గరే నిరాకరించింది. అలా నిరాకరించడం సరైన ప్రవర్తన.

ఈ దశలో చాలామంది చేసే పెద్ద తప్పు ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్‌ను హైఫన్-పెద్ద ఎల్‌తో నడపడం. అది ఫైల్ సిస్టమ్ తన మార్పులను రాసుకునే లాగ్‌ను చెరిపేస్తుంది. బాగున్న ఫైల్ సిస్టమ్‌కు చికిత్స చేసి రోగం తెచ్చిపెట్టినట్టు అవుతుంది.

ఇక్కడ గమనించాల్సిన మెలిక ఒకటుంది. పాత డిస్కులు 512ఈ రకమైతే, అంటే లాజికల్ 512, ఫిజికల్ 4096 అయితే, ఈ కేసే పుట్టేది కాదు. ఎంకేఎఫ్‌ఎస్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేసేటప్పుడు ఫిజికల్ బ్లాక్ సైజ్‌ను కూడా చూసి, మరేమీ చెప్పకపోతే సెక్టార్‌ను 4096గా పెడుతుంది. కెర్నల్ ఒక స్వభావాన్ని బయటపెట్టింది, పైనున్న సాధనం దాన్ని విన్నది, ఫైల్ సిస్టమ్ భవిష్యత్తులో వచ్చే డిస్క్‌కు ముందే సిద్ధమైంది.

ఈఎక్స్‌టీ4 ఉన్నవారికి ఈ బాధ తక్కువ. మామూలుగా దాని బ్లాక్ 4096 బైట్లు కాబట్టి 4096 సెక్టార్ల డివైజ్ మీద కూడా మౌంట్ అవుతుంది. 1024 బైట్ల బ్లాకుతో చేసిన చిన్న ఫైల్ సిస్టమ్‌లే ఇరుక్కుంటాయి.

మూల కారణం

లినక్స్‌లో ప్రతి బ్లాక్ డివైజ్‌కు క్యూ లిమిట్స్ అనే లక్షణాల మూట ఉంటుంది. లాజికల్ బ్లాక్, ఫిజికల్ బ్లాక్, కనిష్ఠ ఐఓ, అనుకూల ఐఓ, అలైన్‌మెంట్ ఆఫ్‌సెట్, డిస్కార్డ్ పరిమితులు, ఒక రిక్వెస్ట్‌లో పట్టే గరిష్ఠ సైజు వగైరా. డివైజ్ మీద డివైజ్ పేర్చినప్పుడు కెర్నల్ కింది మూటలన్నీ కలిపి పైదానికి ఒక మూట తయారు చేస్తుంది. లాజికల్ బ్లాక్‌కు వాటిలో పెద్దది, అనుకూల ఐఓకు క.సా.గు. తీసుకుంటుంది. అలైన్‌మెంట్లు పొసగకపోతే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆఫ్‌సెట్ -1 అని కనిపిస్తుంది.

లెక్కలో తప్పు లేదు. 512, 4096 కలిస్తే 4096 మాత్రమే భద్రం. చిక్కు ఎక్కడంటే, ఈ లెక్క అరే లేచిన ప్రతిసారీ అప్పుడున్న సభ్యుల నుంచి కొత్తగా జరుగుతుంది. ఈ సర్వర్‌లోని ఎండీ సూపర్‌బ్లాక్‌లో అరే యూయూఐడీ ఉంది, డేటా ఆఫ్‌సెట్ ఉంది, సభ్యుల పాత్రలున్నాయి. కానీ ఈ అరే పై పొరకు 512 బైట్ల సెక్టార్లు ఇస్తానని మాటిచ్చింది అన్న సంగతి ఎక్కడా రాసి లేదు. రాయని మాట సభ్యుడు మారగానే మారిపోయింది.

ఫ్రీబీఎస్‌డీలోని జీమిర్రర్ ఇదే పనిని వేరేలా చేస్తుంది. సెక్టార్ సైజ్ దాని మెటాడేటాలోనే ఉంటుంది. కొత్త సభ్యుడి సెక్టార్‌తో ఆ సైజు నిశ్శేషంగా భాగించబడకపోతే ఆ డిస్క్‌ను చేర్చుకోదు. జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా అంతే: ఏషిఫ్ట్ 9తో (అంటే 512 బైట్ల సెక్టార్ లెక్కతో) పుట్టిన వీడెవ్ అనే డిస్కుల కూటమిలోకి 4096 సెక్టార్ల డిస్క్‌ను రీప్లేస్ చేయబోతే అక్కడికక్కడే కాదంటుంది. ఎల్‌వీఎం ఇటీవలి వెర్షన్లు కూడా ఒకే వాల్యూమ్ గ్రూప్‌లో వేర్వేరు లాజికల్ సైజుల డిస్కులను మామూలుగా ఒప్పుకోవు. లినక్స్ ఎండీలోనూ ఇప్పుడు చేర్చే దశలోనే అడ్డుకునే తనిఖీ వచ్చింది. ఈ సర్వర్‌లో ఉన్నది అంతకు ముందు కెర్నల్.

అన్‌మౌంట్ చేసి మార్చడం ఒక విధంగా అదృష్టం. మౌంట్‌లో ఉండగా ఇలాంటి డిస్క్‌ను చేరిస్తే, నడుస్తున్న ఎక్స్‌ఎఫ్‌ఎస్ 512 బైట్ల రిక్వెస్టులు పంపుతూనే ఉంటుంది. స్కజీ డిస్క్ డ్రైవర్ వాటిని లాజికల్ బ్లాక్‌కు అలైన్ కాలేదని తిప్పికొడుతుంది. ఆ ఎర్రర్లు కొత్త డిస్క్ ఖాతాలో పడతాయి. బంగారం లాంటి డిస్క్‌కు చెడ్డ పేరు.

ఎవరైనా మళ్లీ చేసి చూడవచ్చు

డిస్కులు అక్కర్లేదు. 1 జీబీ చొప్పున రెండు ఖాళీ ఫైళ్లు చేయండి. ఒకదాన్ని లోసెటప్‌తో సెక్టార్ సైజ్ 512 ఇచ్చి, రెండోదాన్ని 4096 ఇచ్చి లూప్ డివైజులుగా పెట్టండి. మొదటిదానితో, రెండో స్థానంలో మిస్సింగ్ అని రాసి రెయిడ్-1 కట్టండి. సెక్టార్ 512 అని స్పష్టంగా చెప్పి ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేసి, మౌంట్ చేసి, ఒక ఫైలు రాసి అన్‌మౌంట్ చేయండి. రెండో లూప్‌ను చేర్చండి. సింక్ అయ్యాక అరే ఆపి మళ్లీ అసెంబుల్ చేసి మౌంట్ చేయండి. పాత కెర్నల్‌లో మౌంట్ దగ్గర ఆగుతుంది, కొత్త కెర్నల్‌లో చేర్చే దగ్గరే ఆగుతుంది. ఎక్కడ ఆగిందో చూస్తే మీ కెర్నల్‌లో తనిఖీ ఉందో లేదో తెలిసిపోతుంది.

బాగుచేసిన తీరు

ముందు సేవ నడవాలి. అరే ఆపి, 512 డిస్క్ ఒక్కదానితోనే డీగ్రేడెడ్‌గా లేపారు. లాజికల్ సైజ్ తిరిగి 512 అయింది, మౌంట్ అయింది. వెంటనే బయటకు ఒక బ్యాకప్ తీశారు. ఇప్పుడు డేటా ఒకే ముసలి డిస్క్ మీద ఉంది కదా.

ముందున్న దారులు రెండు. కొన్ని డిస్కులు లాజికల్ సెక్టార్‌ను మార్చుకోనిస్తాయి: సాటాకు హెచ్‌డీపార్మ్‌లో సెట్-సెక్టార్-సైజ్, ఎస్‌ఏఎస్‌కు ఎస్‌జీ_ఫార్మాట్, ఎన్‌వీఎంఈకి ఎన్‌వీఎంఈ ఫార్మాట్‌లో ఎల్‌బీఏ ఫార్మాట్ నంబర్. మూడింటిలోనూ డిస్క్‌లోని డేటా పోయినట్టే లెక్క. ఈ మోడల్ ఆ మార్పును సపోర్ట్ చేయదు. చేసినా రెండో దారే మేలు, ఎందుకంటే 512కు తిరిగి వెళ్తే వచ్చేసారి మళ్లీ ఇదే గొడవ.

రెండో దారి ఫైల్ సిస్టమ్‌నే 4096కు మార్చడం. కొత్త డిస్క్ మీది ఎండీ సూపర్‌బ్లాక్‌ను చెరిపి, దానితోనూ ఒక మిస్సింగ్‌తోనూ కొత్త రెయిడ్-1 కట్టారు. సెక్టార్ 4096 అని చెప్పి ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేశారు. ఆర్‌సింక్‌తో హార్డ్‌లింకులు, ఏసీఎల్‌లు, ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్లు సహా కాపీ చేశారు. ఇక్కడ ఎక్స్‌ఎఫ్‌ఎస్_కాపీ పనికిరాదు, అది పాత ఫైల్ సిస్టమ్ రూపాన్నే దింపుతుంది. చెక్‌సమ్‌లతో సరిచూశాక, సేవలు ఆపి తుది ఆర్‌సింక్ నడిపి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కొత్త యూయూఐడీ పెట్టారు. ఆ తర్వాతే 512 డిస్క్‌ను కొత్త అరేలోకి చేర్చారు.

ఆ డిస్క్ జీపీటీ మాత్రం దాని లెక్కలోనే ఉండాలి: ఆరంభం 2048, కొత్త డిస్క్‌లో 256. రెండూ 1 ఎంబీయే. ఇకపై రెండింటిలో ఏది మిగిలినా భయం లేదు. 4096 సెక్టార్ల ఫైల్ సిస్టమ్ 512 డివైజ్ మీద హాయిగా నడుస్తుంది. దీనికి ఎదురు దిశ మాత్రమే నడవదు.

పేరును నమ్మిన చోట

ఇదే పనిలో ఇంకో ప్రమాదం పక్కనుంచి పోయింది. లాగ్‌లో ఎర్రర్లన్నీ ఎస్‌డీబీ అని వచ్చాయి. డిస్క్ మార్చడానికి సర్వర్ ఆపి మళ్లీ లేపేసరికి ఎస్‌డీబీ బాగున్న డిస్క్ అయింది. డిస్కులను కెర్నల్ సమాంతరంగా వెతుకుతుంది, ముందు పలికినదానికి ముందు అక్షరం. ఎస్‌డీబీ అన్నది ఈ బూట్‌లో దొరికిన వరుస సంఖ్య మాత్రమే. తీసేముందు డబ్ల్యూడబ్ల్యూఎన్‌ను (డిస్క్‌కు తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) డిస్క్ లేబుల్‌తో పోల్చారు కాబట్టి బతికిపోయారు.

ఈ బలహీనతకు మూలం పాతది. యూనిక్స్‌లో డివైజ్ అంటే రెండు అంకెలు: మేజర్ డ్రైవర్‌ను, మైనర్ ఆ డ్రైవర్ కింది వస్తువును చెబుతాయి. లినక్స్‌లో మొదట రెండూ కలిపి 16 బిట్లే. స్కజీ డిస్క్‌కు మేజర్ 8 ఇచ్చి ఒక్కో డిస్క్‌కు 16 మైనర్లు కేటాయించారు: ఒకటి డిస్క్‌కు, 15 పార్టిషన్లకు. పాత ఐడీఈ డ్రైవర్‌లో ఒక్కో డిస్క్‌కు 64. ఐడీఈ డిస్కులు లిబ్‌ఏటీఏ ద్వారా ఎస్‌డీ పేర్లకు మారినప్పుడు 15కు మించిన పార్టిషన్లు కనిపించకుండా పోయాయి. డిస్క్ అదే, టేబుల్ అదే, పేరు పెట్టే పద్ధతిలోనే చోటు చాలలేదు. 2.6 కెర్నల్స్‌లో అంకెలు 12, 20 బిట్లకు పెరిగాయి. 2008లో ఎక్స్‌టెండెడ్ నంబర్లు వచ్చాక మిగులు పార్టిషన్లు మేజర్ 259 కిందకు చేరాయి. ఇప్పుడు ఎన్‌వీఎంఈలన్నీ అక్కడే ఉంటాయి. అంటే మేజర్ చూసి ఇది ఫలానా రకం డిస్క్ అని చెప్పే రోజులు పోయాయి. ఇప్పటికీ అలా చెప్పే స్క్రిప్టులున్నాయి, అవి తప్పు.

సొలారిస్ వంశం కంట్రోలర్, టార్గెట్, డిస్క్, స్లైస్ వరుసతో పేరు పెట్టింది. స్థానం మారకపోతే పేరు మారదు, కానీ కేబుల్ మార్చితే మారుతుంది. స్థానం ఒకటి, గుర్తింపు ఒకటి. రెంటికీ అవసరం ఉంది. ట్రే నుంచి ఏ డిస్క్ లాగాలో చెప్పడానికి స్థానం, ఆ డిస్క్ ఏదో చెప్పడానికి డబ్ల్యూడబ్ల్యూఎన్ లేదా ఎన్‌వీఎంఈ ఈయూఐ. లినక్స్‌లో యూడెవ్ (డివైజ్ పేర్లు చూసుకునే సేవ) ఈ రెంటికీ బై-పాత్, బై-ఐడీ డైరెక్టరీల్లో లింకులు పెడుతుంది. నిర్వహణ నోట్సులో ఎస్‌డీబీ అని రాసి ఉంటే దాన్ని కొట్టేసి ఈ రెండూ రాయాలి.

స్వభావం అబద్ధం చెప్పినప్పుడు

బ్యాకప్‌కు వాడిన యూఎస్‌బీ డిస్క్ మరో పాఠం. దాని అనుకూల ఐఓ 33553920 బైట్లు అని వచ్చింది, అంటే 65535 సార్లు 512. ఇది డిస్క్ కొలత కాదు. బ్రిడ్జ్ చిప్ 16 బిట్లలో పట్టే గరిష్ఠ అంకెను ఆ గడిలో నింపేసింది. దాన్ని నమ్మిన పార్టిషన్ సాధనం ఆరంభాన్ని 65535వ సెక్టార్ దగ్గర పెట్టింది. 65535ను 8తో భాగిస్తే శేషం 7. ఫిజికల్ 4096 ఉన్న డిస్క్ మీద ఆ పార్టిషన్‌లో ప్రతి 4 కేబీ బ్లాకూ రెండు ఫిజికల్ సెక్టార్ల మీద అడ్డంగా పడుతుంది. ప్రతి చిన్న రాతకూ డిస్క్ ముందు చదివి, కలిపి, తిరిగి రాయాలి. వేగం కుప్పకూలింది, ఎర్రర్ మాత్రం ఏదీ లేదు. పార్టిషన్‌ను చేత్తో 2048 దగ్గర పెడితే సరిపోయింది. ఇటీవలి కెర్నల్స్ ఫిజికల్ బ్లాక్‌కు గుణిజం కాని ఇలాంటి అంకెను పక్కన పెడతాయి. పరికరం చెప్పింది చెప్పినట్టు పైకి పంపడం కాదు, అర్థవంతమైనదే పంపడం కెర్నల్ పని.

రొటేషనల్ ఫ్లాగ్ ఇంకా నమ్మరానిది. యూఎస్‌బీ పెట్టెలో ఎస్‌ఎస్‌డీ కూడా తిరిగే డిస్క్‌లా కనిపించవచ్చు. అది తప్పైతే పోయేది కొంత వేగమే. రైట్ క్యాష్ అలా కాదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో రైట్ త్రూ అని రాస్తే డిస్క్‌లోని క్యాష్ ఆగదు. క్యాష్ లేదని కెర్నల్ అనుకుని ఫ్లష్ పంపడం మానేస్తుందంతే. ఎఫ్‌సింక్ (రాసినది డిస్క్‌కు చేరేదాకా ఆగమనే పిలుపు) చకచకా తిరిగొస్తుంది, కరెంటు పోయిన రోజు అసలు సంగతి బయటపడుతుంది. సూచన లాంటి లక్షణాన్నీ, ఒప్పందం లాంటి లక్షణాన్నీ ఒకే డైరెక్టరీలో, ఒకే తీరు ఫైళ్లుగా పక్కపక్కన పెట్టడం నా దృష్టిలో లినక్స్ ఇంటర్‌ఫేస్‌లోని పెద్ద లోపం.

ఎక్కడ గీత గీయాలి

ఏ సెక్టార్‌నైనా ఎప్పుడైనా ఉన్నచోటే తిరగరాయవచ్చు అన్నదే బ్లాక్ డివైజ్ అసలు ఒప్పందం. ముడి ఫ్లాష్ దీన్ని పాటించలేదు. రాసే ముందు ఎరేజ్ బ్లాక్ మొత్తం చెరపాలి, అరుగుదల చూసుకోవాలి. అందుకే లినక్స్ దానికి ఎంటీడీ అనే వేరే తరగతి ఇచ్చింది. ఎంటీడీబ్లాక్ ద్వారా దాన్ని బ్లాక్ డివైజ్‌గా వాడవచ్చు. కానీ అది ప్రతి మార్పుకూ ఎరేజ్ బ్లాక్ మొత్తాన్ని చదివి, చెరిపి, రాస్తుంది. అరుగుదలను పంచదు. మధ్యలో కరెంటు పోతే ఆ బ్లాక్ గోవిందా.

హోస్ట్-మేనేజ్డ్ జోన్ డిస్కులు గీత మీద నిలబడతాయి. చదవడం ఎక్కడినుంచైనా సరే, సీక్వెన్షియల్ జోన్లలో రాయడం మాత్రం రైట్ పాయింటర్ దగ్గరే. 256 ఎంబీ జోన్లైతే చంక్ సెక్టార్స్‌లో 524288 అని కనిపిస్తుంది. వీటిని లినక్స్ బ్లాక్ డివైజులుగానే చూపిస్తుంది, జోన్డ్ అనే లక్షణం జోడించి. ఆ లక్షణం చూడని ప్రోగ్రాం రాయబోతే ఐఓ ఎర్రర్ తింటుంది. ఎన్‌వీఎంఈ వైపు ఇంకాస్త కఠినంగా ఉన్నారు: జోన్ చివరకు చేర్చే జోన్ అపెండ్ కమాండ్ లేని జోన్డ్ నేమ్‌స్పేస్‌ను బ్లాక్ డివైజ్‌గా ఇచ్చినా, రీడ్-ఓన్లీగా మాత్రమే ఉంచుతారు. ఆ కఠినత్వమే సరి. మాట నిలబెట్టుకోలేని డివైజ్‌కు రాసే హక్కు ఇవ్వకూడదు.

ఈ సర్వర్‌కు చివరగా చేర్చినవి రెండే. బూట్‌లో నడిచే ఒక చిన్న తనిఖీ: ప్రతి అరే లాజికల్ సైజ్‌ను, పైనున్న ఫైల్ సిస్టమ్ సెక్టార్ సైజ్‌ను పోల్చి, మొదటిది పెద్దదైతే మౌంట్‌కు ముందే అలారం ఇస్తుంది. రెండోది స్పేర్ డిస్కుల పెట్టె మీద రాత: ఇప్పుడు సామర్థ్యం పక్కనే లాజికల్, ఫిజికల్ సైజులు కూడా ఉన్నాయి.